నూట పదిహేడో ఇంటి కడ్డీ

(పరిశోధన పద్ధతుల తరగతి అయిపోయింది. గదిలో మేడమ్, ఒక విద్యార్థి మిగిలారు.)

“నీళ్లు నమలకు. నూట పదిహేడో ఇంట్లో, స్నానాలగది గోడకి జారకుండా పట్టుకునే కడ్డీ ఎలా వచ్చింది?”

“సొంతంగా పెట్టించుకున్నారేమో మేడమ్.”

“మన పథకం కడ్డీయే. మేస్త్రీ సంతకం కూడా ఉంది. అది వచ్చే ఏడు దాకా ఆగాల్సిన ఇల్లు కదా?”

“అవును మేడమ్.”

“క్లాసులో ఎన్నిసార్లు మొత్తుకున్నాను? పెద్దవాళ్లుండే ఇళ్లు నాలుగొందలు. మేస్త్రీలు ఏడాదికి రెండొందలకే సరిపోతారు. అందుకే చీటీలు వేశాం. సగం ఇళ్లకి ఈ ఏడు, సగానికి వచ్చే ఏడు. ఎక్కడ ఎంతమంది జారిపడ్డారో పోల్చి చూస్తేనే కడ్డీల వల్ల ఉపయోగం ఉందో లేదో తెలుస్తుంది. చీటీల్లో చెయ్యి పెడితే ఇంకేం తెలుస్తుంది, నా తలకాయ?”

“నేను చెయ్యి పెట్టలేదు—”

“జాబితా టైపు చేసింది ఎవరు?”

“నేనే. కానీ—”

“రేపు పొద్దున నివేదిక ఇవ్వాలి. ఊరంతా పెట్టాలా, ఆపేయాలా అన్నది దాన్ని బట్టే. చెప్పు.”

“అది మా అమ్మమ్మ ఇల్లు మేడమ్.”

“ఏంటీ?”

“అమ్మా నాన్నా పనులకి పోతే నన్ను పెంచింది ఆవిడే. మోకాళ్లు అస్సలు పనిచేయవు. నంబరు గుమ్మం మీద అంటించారుగా, జాబితా టైపు చేస్తుంటే చీటీ రాలేదని తెలిసిపోయింది. నా వల్ల కాలేదు మేడమ్. రెండు నంబర్లు అటూ ఇటూ మార్చేశా.”

“కొంప ముంచావు కదరా!”

“రెండొందల్లో ఒక్కటే కదా, లెక్కేం మారిపోతుందిలే అని—”

“లెక్క సంగతి తర్వాత. ఎవరిది తీసేశావు?”

“నన్ను కాలేజీ నుంచి పంపించేస్తారా మేడమ్? అమ్మమ్మ తట్టుకోలేదు—”

“ఎవరిది తీసేశావని అడుగుతున్నా.”

“తెలీదు. పేర్లు చూడొద్దని మీరే చెప్పారుగా. కళ్లు మూసుకుని ఓ నంబరు మీద వేలు పెట్టా.”

“ఏ నంబరు?”

“అరవై మూడు.”

“ఇంకోసారి చెప్పు.”

“అరవై మూడు మేడమ్. ఏమైంది?”

“ఆ ఇంటి సర్వే కాగితం తియ్యి. చదువు.”

“లేచేశారేంటి మేడమ్? కూర్చోండి. కాసిని మంచినీళ్లు—”

“చదవమన్నానా!”

“అరవై మూడు. డెబ్భై ఎనిమిదేళ్ల ఆవిడ, ఒంటరిగా ఉంటారు. ఒకసారి పడ్డారు, స్నానాలగదిలో. తుంటి విరిగింది. అప్పట్నుంచి… అప్పట్నుంచి మంచంలోనే. అయ్యో. అయ్యో మేడమ్, నేనెళ్లి వాళ్ల కాళ్లు పట్టుకుంటాను.”

“పట్టుకుని?”

“ఏమో మేడమ్, నాకేం తోచట్లేదు. ఆవిడకి నా అన్నవాళ్లే లేరా? ఇన్నాళ్లూ ఒక్క కడ్డీ ఎవరూ పెట్టించలేకపోయారా?”

“పెట్టిద్దామనే మేస్త్రీని గుమ్మం దాకా తీసుకెళ్లాను. లెక్క చెడిపోతుందని అక్కణ్ణుంచే వెనక్కి పంపేశాను. చీటీలు న్యాయంగానే పడ్డాయి, ఒక్క ఏడాది ఓపిక పట్టమని మా అమ్మకి నేనే చెప్పానురా.”