గీతలరిగిన పది వేళ్ళు

అన్నలారా, అక్కలారా, తల్లులారా, అందరికీ దండాలు. దుప్పట్లు ఆరేసే ఈ పెరట్లో, ఈ తాళ్ళ కింద, ఇంతమంది కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. డ్యూటీ మార్చుకుని వచ్చిన ఆయాలున్నారు. చేతికర్ర ఊతంతో వచ్చిన ముసలమ్మలున్నారు. ఎవరి కోసం వచ్చారు? మీరంతా కుర్చీ పిన్ని అని పిలుచుకున్న మనిషి కోసం. మీకు పిన్ని. నాకు మాత్రం చిన్నది. మా మరిది భార్య, నా తోటికోడలు. జ్వరం పట్టి నాలుగు రోజుల్లో పోయింది. పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాసుకుంటోంది. ఈ కాగితం ఎన్నికల ఆఫీసుకు కూడా పోతుంది. కాబట్టి ఒసేయ్, ఒక్క మాట కూడా మింగకు, నేనన్నది అన్నట్టు రాయి.

నేను ఏడవడానికి లేవలేదు. ఏడవాల్సింది ఇంట్లో ఏడ్చేశాను. ఆమె ఎలా గెలిచిందో చెప్పడానికి లేచాను.

ముందు నిజం ఒప్పుకోవాలి. మా ఇద్దరికీ పడేది కాదు. అత్త పోయాక ఇల్లు రెండుగా పంచుకున్నాం. కిటికీ ఉన్న గది నా వాటాకు వచ్చింది. అంతే, మాటలు బంద్! ఒకటి కాదు, రెండు కాదు, ఆరేళ్ళు. కానీ ఇద్దరిదీ ఈ ఆసుపత్రి బట్టలుతికే గదిలోనే పని. వార్డు దుప్పటి ఒక్క మనిషి వల్ల మడత పడుతుందా? పడదు. ఆ కొస ఆమె పట్టాలి, ఈ కొస నేను పట్టాలి. లాగాలి, విదిలించాలి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మొహాలు జానెడు దూరంలోకి వచ్చేవి. నేను గోడ వైపు చూసేదాన్ని, ఆమె పైకప్పు చూసేది. అలా ఆరేళ్ళు మడిచాం తల్లీ, మూతి ముడుచుకుని!

ఒకరోజు కొసలు కలుపుతుంటే ఆమే నోరు విప్పింది. "అక్కా, నీ బొటనవేలు కావాలి" అంది.

"నిన్నటిదాకా కిటికీ అడిగావు. ఇప్పుడు వేలి దాకా వచ్చావా?" అన్నాను నేను.

వేలు ఎందుకో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. పిల్లలు వినండి. మన పేట రైలు పట్టాలకు ఇవతల. ఓటు వేసే బడి అవతల. మధ్యన ఎనభై మెట్ల వంతెన. మోకాళ్ళు పోయినవాళ్ళు ఎక్కగలరా? నిండు చూలాలు ఎక్కగలదా? ఎక్కలేదు. ఓటు పడని పేటకు నాయకుడు వస్తాడా? రాలేదు. నాయకుడి కాలు పడని పేటకు కుళాయి వస్తుందా? దీపం వస్తుందా? ఓటు పెట్టె ఇటు తెచ్చిపెట్టండి మహాప్రభో అని పదకొండేళ్ళు అర్జీలు పెట్టాం. ఎన్నికల ఆఫీసు గేటు దగ్గరి కాపలావాడిది ఒకటే పాట, "రేపు రండి." ఆ రేపు ఎప్పటికీ తెల్లారలేదు.

అప్పుడు వార్డులో కాలు విరిగి పడుకున్న ఒక గుమాస్తా చిన్నదానికి ఒక సంగతి చెప్పాడు. పోటీలో ఉన్నవాళ్ళందరినీ ఎన్నికల అధికారి ఒక గదిలో కూర్చోబెడతాడట. అక్కడ వాళ్ళు అడిగింది రాసుకోక తప్పదట. చిన్నది ఏమందో తెలుసా? "అర్జీ పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపుతున్నారు. పార్లమెంటుకు పోటీ చేసే మనిషిని ఎలా ఆపుతారో చూస్తాను" అంది. పదవి కోసం కాదు. ఆ గదిలో అడుగు పెట్టడానికి పార్లమెంటుకు నిలబడింది!

ఏ పార్టీ లేకుండా నిలబడే మనిషిని ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. మొదటిసారి చదువుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కాంపౌండరు, ట్యూషను మాస్టారు, అలాంటి పెద్దమనుషులు పదిమంది వంకీలు తిప్పి మరీ సంతకాలు చేశారు. కాగితాలు పరిశీలించే రోజున నలుగురు వచ్చి, "ఈ సంతకం మాది కాదు" అనేసి పోయారు. ఎవరు బెదిరించారో చెప్పను, నా నోరు మంచిది కాదు. దరఖాస్తు చెత్తబుట్టలో పడింది. అప్పటికి మాకు మాటల్లేవు. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. అందరి ముందూ చెబుతున్నాను, ఆ నవ్వుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా ఆగింది. ఆగి, నా వేలు అడిగింది. "సంతకం నాది కాదనొచ్చు అక్కా. అధికారి కళ్ళెదుట వేసిన వేలు నాది కాదని ఎవరంటారు?" అంది. చదువు రానివాళ్ళమే కావాలంది! పుట్టి బుద్ధెరిగాక నాకు చదువు లేదని ఎవరైనా నన్ను పిలిచారా? ఆమె పిలిచింది.

పదిమందిమి వెళ్ళాం. అందరం ఈ గదిలో ఉతికేవాళ్ళమే. సిరాలో వేలు ముంచి అధికారి బల్ల మీదున్న కాగితం మీద వేశాను. చూస్తే గీతల్లేవు, నల్లటి మచ్చ! నా తర్వాతి ఆమెదీ మచ్చే. పదీ మచ్చలే. సోడా, బ్లీచింగు, మరిగే నీళ్ళు తిన్న వేళ్ళకు గీతలు ఎక్కడ మిగులుతాయి? ఎదుటి పార్టీ వకీలు పగలబడి నవ్వాడు. "ఇవి వేలిముద్రలా, సిరా మరకలా? కొట్టెయ్యండి సార్" అన్నాడు. మా వేళ్ళ వల్లే అయిపోయింది అనుకున్నాను.

చిన్నది జంకలేదు. "అయ్యా, వీళ్ళ గీతలు ఆసుపత్రి దుప్పట్లలో పోయాయి. కావాలంటే వకీలుగారు వెళ్ళి వెతుక్కోవచ్చు. పదిమందీ మీ ముందే వేశారు. మీ కళ్ళు చూశాయా, లేదా? అది చెప్పండి చాలు" అంది. అధికారి మా పది వేళ్ళూ చూశాడు. కలం తీసి, నా ఎదుట వేశారు అని రాశాడు. ఆ కలం చప్పుడు నాకింకా వినిపిస్తోంది. దానికన్నా మంచి పాట నేను వినలేదు.

ఆ గదిలోకి వెళ్ళిన రోజున నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పార్టీలవాళ్ళ కుర్చీలు ముందు వేసి, చిన్నదాని కుర్చీ వెనక గోడవారన వేశారు. ఆ కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని, అందరినీ దాటుకుంటూ వచ్చి, అధికారికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. అదిగో, కుర్చీ పిన్ని అయింది అక్కడే. "నాకు అడగడానికి ఒక్కటే ఉంది. నా పేటకు ఓటు పెట్టె" అంది. వారం తిరక్కుండా మనుషులు వచ్చి దూరం కొలుచుకుపోయారు. మనం దుప్పట్లు మడిచే గదిలోనే ఓటు పెట్టె పెట్టారు!

ఆ పొద్దున్న వరస గుర్తుందా? పట్టాలు దాటి పదిహేనేళ్ళయిన మంత్రసాని ముసలమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి ఓటేసి, సిరా వేలు అందరికీ చూపించుకుంటూ తిరిగింది. చిన్నదానికి వచ్చినవి నాలుగు వందల పన్నెండు ఓట్లు. ఊరు నవ్వింది. ఓడిపోయిందా ఆమె? ఆ తర్వాత ఏ నాయకుడు మన గుమ్మం తొక్కలేదు? కుళాయి రాలేదా? దీపం వెలగలేదా? చెప్పండి, అది ఓటమా?

ఇప్పుడు అసలు మాట. ఆమె పోయిన నాలుగో రోజున, ఎవరు ఎక్కడ ఓటెయ్యాలో చెప్పే కొత్త జాబితా అంటించారు. మన ఓటు మళ్ళీ పట్టాల అవతలికి పోయింది. అడిగే మనిషి పోయింది, ఇక వీళ్ళకు దిక్కెవరు అనుకున్నారు. నేనున్నాను! డెబ్బై నాలుగేళ్ళదాన్ని, అక్షరం రానిదాన్ని, పార్లమెంటుకు నిలబడుతున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ గదిలో నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నాకు తెలుసు. దరఖాస్తుకు గడువు ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి.

ఇక అందరూ లేవండి. లేవలేనివాళ్ళు కూర్చునే తల వంచండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. ఆ రెండు నిమిషాలూ చిన్నదానివి. అయ్యాక కూర్చోండి. నా కాగితం మీద వేలు వేసే పదిమంది మాత్రం కూర్చోకండి.