మరదలి వార్డు

నగరపాలక ఆఫీసులో పన్నులు వసూలు చేసే వదినా మరదళ్లు భోజనాలకు కూర్చున్నారు. మరదలికి ప్రమోషన్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి వదినకు ముద్ద దిగడం లేదు.

“మా వార్డులో పన్నంటే మొహం మీదే తలుపేస్తారు. మీ వార్డులో లైన్లో నిలబడి మరీ కడుతున్నారు. ఏం మందు పెట్టావే?”

“మందేం లేదు వదినా. మొదట మా మామగారి మేడకే పన్ను వేశాను. అది చూసి వార్డంతా దారికొచ్చింది.”

“ఇంట్లో ఊరుకున్నారా?”

“మా ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు.”

వదిన మాత్రం తన వార్డులో సొంత మొగుడి దుకాణానికి ఇన్నాళ్లూ పన్ను వేయలేదు.

“మీ వార్డువాళ్లు అన్నయ్య షాపు వైపే వేలు చూపిస్తున్నారు వదినా.”

వదిన డబ్బా మూత ఠపీమని పెట్టింది.

“రేపే వేస్తా. మీ మామగారికి నువ్వు వేసినదానికంటే ఎక్కువే వేస్తా, చూస్తూ ఉండు!”