గాజుల జాడలు, గుళికల గోడలు: శ్రీ జోగేశ్వరరావు గారి ముప్పై నాలుగేళ్ళ కొలువు

1953వ సంవత్సరం జూలై ఒకటవ తేదీ బుధవారం నాడు, కొవ్వూరు నుంచి వచ్చిన ప్యాసింజరు బండి రాజమండ్రి స్టేషనులో దిగి, చేతిలో టిఫిన్ క్యారియరుతో మన వశిష్ఠా కాగితపు మిల్లు గుమ్మం తొక్కిన శ్రీ గ్రంధి జోగేశ్వరరావు గారు, సహాయ రసాయనికునిగా హాజరు పట్టీలో తొలి సంతకం చేశారు. ఈ జూలై ముప్పై ఒకటిన అదే పట్టీలో, ప్రధాన రసాయనికుని హోదాలో, చివరి సంతకం చేయబోతున్నారు. ఈ రెండు సంతకాల నడుమ జరిగిన దానిని మన మిల్లు వీడ్కోలు సంచికకు రాసిపెట్టమని మిత్రులు నన్ను ఆదేశించారు. నాకంటె భాషాజ్ఞులు మన ఆఫీసులో ఉన్నారు. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో మీకే తెలుస్తుంది.

జోగేశ్వరరావు గారి తండ్రి గారికి కొవ్వూరులో పచారీ కొట్టు. సొంటి, పిప్పళ్ళు, తుమ్మబంక, పాలగుండ మొదలైన దినుసుల మధ్య పెరిగిన ఈ బాలుడు, బి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్న పిదప కూడా ఆ కొట్టు వాసనను వదిలించుకోలేదు. ఏ పదార్థం చేతికిచ్చినా ముందు మునివేళ్ళతో నలిపి, వాసన చూసి, అప్పుడు గాని పరీక్ష నాళికలో వేసేవారు కారు. తొలి పద్దెనిమిదేళ్ళూ వరిగడ్డి గుజ్జును ఉడికించి, తెల్లబరచి, సాదా కాగితం చేయించడంలోనే గడిచాయి. ఆ కాలాన్ని గురించి ఆయనను అడిగితే "ఏముందండీ, గడ్డి ఉడకబెట్టాం" అంటారు. అంతకు మించి రాబట్టడం నా వల్ల కాలేదు.

1971లో మన మిల్లు నకలు కాగితం తయారీకి పూనుకొన్నది. మధ్యన నల్ల కార్బను పెట్టనక్కరలేకుండా, పై కాగితం మీద రాసినది కింది కాగితాల మీద నీలంగా దిగే ఆ విచిత్రాన్ని చూసి మేమందరం నోరెళ్ళబెట్టాం. పై కాగితం వెనుక కంటికి కనబడనంత సూక్ష్మమైన గుళికలు కోట్లకొలది పూసి ఉంటాయి. ఒక్కొక్క గుళికలో రంగులేని ద్రవం చుక్క ఉంటుంది. కలం ఒత్తిడికి గుళిక చిట్లితే, ఆ ద్రవం కింది కాగితం మీది పూతను తాకి నీలమవుతుంది. గుళికకు గోడ కట్టేది జిలాటిన్, తుమ్మబంక.

ఈ సంగతి నాబోటి వానికి బోధపరచడానికి జోగేశ్వరరావు గారు ఒకనాడు తమ క్యారియరులోని పూర్ణం బూరె తీసి చేతిలో పెట్టారు. "రాజుగారూ, పైపిండి తోపు పల్చనైతే పూర్ణం నూనెలో కలిసిపోతుంది. మరీ మందమైతే పిండి తిన్నట్టుంటుంది. మా గోడ కూడా అంతేనండి. చిట్లమన్నప్పుడు చిట్లాలి, వద్దన్నప్పుడు నిలబడాలి" అన్నారు. నాకు శాస్త్రమూ బోధపడింది, బూరే దక్కింది. జిలాటిన్ ఎముకల నుంచి వస్తుందని ఎవరో చెవిన వేసిన నాటి నుంచి మాత్రం వారి మాతృమూర్తి, కొడుకు పెరటి నూతి దగ్గర తలస్నానం చేస్తే గాని వంటింటి గడప దాటనిచ్చేవారు కాదట. ఎండాకాలం సరే, మాఘమాసపు చలిలో కూడా ఆ మహానుభావుడు కిక్కురుమనకుండా చేదతో నీళ్ళు తోడుకుని పోసుకునేవారు.

ఇక 1976 సంగతికి వస్తాను.

ఆ శ్రావణమాసంలో ఒక రవాణా సంస్థ వారికి పంపిన మన నకలు కాగితపు కట్టలు కట్టలుగానే తిరిగి వచ్చాయి. ఎవరూ కలం పెట్టకుండానే వాటి మీద నీలపు నెలవంకలు! తనిఖీ విభాగంలో ఉన్నది నేను. మూడురోజులు తల పట్టుకుని, నాలుగోరోజున లెక్కింపు విభాగంలో నిలబడి చూశాను. ముప్పై రెండు మంది స్త్రీలు కాగితాలను మూడేసి చొప్పున జత చేసి, మణికట్టుతో అదిమి లెక్కపెడుతున్నారు. శ్రావణ శుక్రవారం నోముకు కొత్త గాజులు వేయించుకున్న చేతులు, ఒక్కొక్క చేతికి డజను. ఇంకేముంది! నేనేదో కనిపెట్టేశానని పొంగిపోయి, "లెక్కింపు విభాగపు స్త్రీల గాజులే ఈ నష్టానికి హేతువు" అని రిపోర్టు రాసి అప్పటి మేనేజరు గారికి సమర్పించాను. సోమవారం నుంచి గాజులు తీసి పనిలోకి రావాలనీ, తీయని వారు రానక్కరలేదనీ ఉత్తర్వు వెలువడింది.

సోమవారం ముప్పై రెండు మందీ నిండు గాజులతో గేటు బయట నిలబడ్డారు. వారికి పెద్ద తల అయిన రామలక్ష్మి నన్ను చూసి, "ఏంటండీ రాజుగారూ! మా ఆయన నిక్షేపంలా బతికుండగా నన్ను బోడి చేతులతో రమ్మంటారా? మీ ఇంట్లో అమ్మగారినైతే తియ్యమంటారా అండీ?" అని అడిగింది. నేను గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాను. వారిలో సగం మందికి ఆ కూలితోనే పొయ్యి వెలిగేదని నాకు తెలుసు.

జోగేశ్వరరావు గారు మాత్రం ఆ ఉదయమంతా సూక్ష్మదర్శిని మీంచి తలెత్తలేదు. మధ్యాహ్నం నన్ను పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "నిరుడు శ్రావణంలో ఈ ఆడవాళ్ళు గాజులు వేసుకోలేదాండీ?"

వేసుకున్నారు. నిరుడు ఒక్క కట్టా తిరిగి రాలేదు.

మారినది గాజులు కావు, గోడ. ఆ ఆషాఢంలోనే జోగేశ్వరరావు గారు జిలాటిన్ వంతు తగ్గించి, పొదుపు సాధించినందుకు యాజమాన్యం ప్రశంస పొంది ఉన్నారు. ఆ పొదుపు కారణంగానే ఆయనను ప్రధాన రసాయనికునిగా చేయబోతున్నట్టు అందరికీ తెలుసు, స్వీట్లు కూడా తినేశాం. ఆయన నోరు మెదపకపోతే నా రిపోర్టు చాలు, ఆ పదవి వారిది. నేనైతే మెదిపేవాడిని కాను. ఇది ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆయన మన నకలు కాగితాలనే మూడింటిని జత చేసుకుని, నా ఎదుటే ఉత్తరం రాశారు. "గాజుల తప్పు లేదు. గుళికల గోడను పల్చన చేసినది నేను. స్త్రీలను పనిలోకి తీసుకోవలసినది. ఇందుకు బాధ్యత నాది." పై ప్రతి మేనేజరు గారికి ఇచ్చారు. రెండవది స్వయంగా గేటు వద్దకు తీసుకుని వెళ్ళి రామలక్ష్మి చేతికిచ్చారు. మూడవది నా బల్ల మీద పెట్టి, "మీ దగ్గర ఉండనివ్వండి రాజుగారూ" అని మాత్రం అన్నారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే ఇంతకాలం ఇంత బరువు మోసేవాడిని కాదు.

మర్నాడు స్త్రీలు గాజులతోనే పనిలోకి వచ్చారు. నెల తిరక్కుండా గోడ మందం మునుపటి స్థితికి వచ్చింది. దానికి తోడు, విదేశీ పత్రికల్లో చదివిన ఉపాయాన్ని తండ్రి గారి కొట్టులోని పాలగుండతో జోడించారు. గుళికల కన్నా పెద్దవైన పాలగుండ రేణువులను పూతలో కలిపితే, పందిరికి రాటల్లాగ అవి పైబరువును మోస్తాయి, కలం మొన నొక్కిన చోట మాత్రమే గుళిక చిట్లుతుంది. ఆనాటి నుంచి ఏ శ్రావణంలోనూ నెలవంకలు రాలేదు. పదవి మాత్రం బయటి నుంచి వచ్చిన వేరొకరికి దక్కింది.

1979లో మిల్లు చివరి షెడ్డులో మందుల పొడులకు గుళికల పూత వేసే చిన్న విభాగం పెట్టి, జోగేశ్వరరావు గారిని అక్కడికి పంపారు. అది శిక్షేనని మేము చెవులు కొరుక్కున్నాం. ఆయన దానినొక విద్యాలయంగా మార్చుకున్నారు. పసిపిల్లల జ్వరం మందు చేదును నాలుకకు తెలియనివ్వకుండా, కడుపులోకి వెళ్ళాకనే విడుదల చేసే గోడను మూడేళ్ళు శ్రమించి కుదిర్చారు. తయారైన ప్రతి విడతనూ ముందు తామే నాలుకపై వేసుకుని చూసేవారు. ఆయన ముఖం వికారంగా పెడితే ఆ విడత పారబోయవలసిందేనని అక్కడి వారందరికీ తెలిసిపోయేది. ఆలస్యంగానైనా, 1983లో యాజమాన్యం వారిని ప్రధాన రసాయనికునిగా నియమించి తన గౌరవాన్ని తాను నిలుపుకొన్నది.

ఈ వ్యాసానికి కూర్చునే ముందు నా సొరుగులోని మూడవ ప్రతిని తీసి చూశాను. కింది ప్రతి కనుక మొదటి నుంచీ కాస్త లేతే, అయినా ప్రతి అక్షరమూ చదవవస్తున్నది. జోగేశ్వరరావు గారూ, పదకొండేళ్ళుగా ఒకే మిల్లులో రోజూ ఎదురుపడుతూ కూడా అనలేకపోయిన మాటను అచ్చులో అంటున్నాను: ఆ రిపోర్టు తొందరపాటుతో రాశాను, నన్ను క్షమించండి.

మరొక్క విషయం. ఆనాటి ముప్పై రెండు మందీ చందాలు వేసుకుని, వీడ్కోలు సభలో జోగేశ్వరరావు గారి సహధర్మచారిణి శ్రీమతి మీనాకుమారి గారికి పచ్చగాజులు పెట్టాలని తీర్మానించుకున్నారు. కోటగుమ్మం దగ్గర దుకాణాలన్నీ తిరిగి వాటిని ఏరి తెచ్చినది రామలక్ష్మి. కాని మూడేళ్ళ క్రితం ఆమె భర్త కాలం చేశాడు. "ఇంకెవరి చేతైనా ఇప్పించండి బాబూ, నేను ముట్టుకోకూడదు" అని పొట్లాం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈ మాట కొవ్వూరులో జోగేశ్వరరావు గారి ఇంటికి కబురు చేశాను. మీనాకుమారి గారి నుంచి జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది: "రామలక్ష్మి తొడిగితేనే తొడిగించుకుంటానని చెప్పండి."

ముప్పై రెండు ఇళ్ళ గాజులను నిలబెట్టిన శ్రీ జోగేశ్వరరావు గారు ఆయురారోగ్యాలతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, రామలక్ష్మి తొడగబోయే ఆ పచ్చగాజులు మీనాకుమారి గారి చేతిని ఎన్నడూ వీడకూడదనీ గోదావరి తల్లిని వేడుకుంటున్నాను.

ఇట్లు,
కలిదిండి భీమరాజు
తనిఖీ విభాగం