లింబాద్రి కప్పల పెట్టె

ఏం పెడుతున్నవ్ బిడ్డా గా అద్దాల పెట్టెల, చేపలా? నీళ్లు గట్ల నిండ పోయకు. ఆఁ, చేపలకైతే సరేతియ్, నేను కప్పల లెక్కల చెప్తున్న. నవ్వకు. గోదురు కప్పలుంటయ్ గద, ఒంటినిండ బుడిపెలు, నేల మీద తిరిగేటియి, గవ్విటినే సాదిండొకడు. లింబాద్రి. బోధన్ల చెక్కెర కార్ఖానల నేను, వాడు ఒక్క కాంట మీదనే చెరుకు బండ్లు తూకమేస్తుంటిమి. క్వార్టర్లు సుత పక్కపక్కనే, నడుమ ఒక్క గోడ. వాడు పోయి ముప్పై ఏండ్లు దాటింది.

అసలు ముందుగాల నేను రేడియో కొన్న, డెబ్బై ఒకటిల. పొద్దుమీకంగనే వాడకట్టు మొత్తం మా అర్రల కూసునేది. "సాయన్నా, జర ఆవాజ్ పెంచు" అంటుంటె ఎంత మంచిగనిపిస్తుండె నాకు. గంతల గీ లింబాద్రి ఏం జేసిండు, బస్టాండు కాడ ఎవరో హోటల్ మూసేస్తుంటె బిస్కిట్లు పెట్టే అద్దాల పెట్టె పట్కొచ్చిండు. నడుమ షాబాద్ బండ ముక్క అడ్డం నిలబెట్టి, సందులకు సిమెంటు పూసి, వారం దినాలు నీళ్లు మార్చి మార్చి కడిగిండు. ఒక దిక్కు అడుగుకు గులకరాళ్లు, మీద చెరుకు పిప్పి, ఆ మీద మన్ను. ఒక గూనపెంక బోర్లేసిండు, అది వాటి ఇల్లట. ఇంకో దిక్కు నీళ్లు, నాలుగు వేళ్ల లోతు, గంతే. నీళ్లల్లకెల్లి మన్ను మీదికి రాళ్లతోని చిన్న మెట్లు గట్టిండు. "ఎక్కనీకి జాగ లేకుంటె గోదురు కప్ప నీళ్లల్లనే మునిగి సస్తదన్నా" అని నాకు చెప్పవట్టె. నాకెందుకురా అనుకున్న లోపల.

రెండు కప్పలు ఒదిలిండు. వారంలనే నా రేడియో ముంగట నేను, మా పిల్లి మిగిలినం. మా ఇంటామె హన్మవ్వ సుత ఆడనే. ఒచ్చి, "పురుగును ఎట్ల పట్టిందో తెల్సా, నాలిక గిట్లంది, గట్లంది" అని చెయ్యితోని చూపెట్టేది. పెండ్లయి పదేండ్లాయె, నా గురించి గంత సంబురంగ ఒక్కనాడు మాట్లాడలే. కడుపు మండుతుండె బిడ్డా. అబద్ధమెందుకు, రోజూ కిటికీలకెల్లి తొంగి సూసేటోన్ని, ఆ పెట్టె పలిగితె బాగుండనుకునేటోన్ని.

డెబ్బై రెండుల కరువొచ్చింది. బోరింగు కాడ బిందెల లైను. వాడు తన తానం నీళ్లల్లకెల్లి రెండు చెంబులు మిగిలిచ్చి ఆ పెట్టెల పోస్తుండె. గప్పుడు ఆడోళ్లు కప్పతల్లి ఆడదామన్నరు. నీకు తెల్వది, రోకలికి యాపమండలు, కప్పను కట్టి ఇల్లిల్లు తిరుగుతరు, కప్ప మీద నీళ్లు పోస్తె వాన పడ్తదని. కట్టనీకి కప్ప దొరకాలె గద, చెరువే పర్రెలు పడ్డది. మా గడప ముంగట కూసోని ఎట్లనే, ఎట్లనే అంటున్నరు. నేను రేడియో చెవి తిప్పుకుంట మెల్లగ అన్న, "లింబాద్రి కాడ రెండున్నయి గదా." గంతే. వాడు ఇయ్యనంటడు, వాడకట్టంత వాన్ని తిడ్తది, మల్ల నా అర్రలకే ఒస్తరు, గదీ నేననుకున్నది.

వాడు ఇచ్చిండు. "వానకంటె ఎక్కువనా అక్కా" అన్నడట. తనే తడిబట్టల చుట్టి, రోకలికి వదులుగ కట్టి, ఎండల ఎంబడి తిరిగిండు. మా ఇంటికి సుత ఒచ్చిండ్రు. హన్మవ్వ చెంబెడు నీళ్లు పోసింది. కప్ప కదల్లే. నాకు తెల్సిపోయింది. వాన పడ్డదా అంటవా, పడలే.

తెల్లారి వాడు ఆ పెట్టె ఎత్తుకొని మా ఇంటికే ఒచ్చిండు. కండ్లు ఉబ్బి ఉన్నయి. "సాయన్నా, ఎవరో యాది జేసిండ్రంట నా కాడ కప్పలున్నయని. మల్ల ఆడ్తమంటున్నరు. ఈ ఇంకోదాన్ని నీ కాడ దాయి. నువ్వు రోజూ కిటికీలకెల్లి సూస్తుంటవ్ గద, దీని మీద నీకే పాణం" అన్నడు. రేడియో పక్కకు జరిపి ఆడనే పెట్టిండు.

మర్సటేడు వానలు పడ్డంక వాడకట్టంత మల్ల మా అర్రలకే, ఆ కప్పను సూడనీకి. నేను కోరుకున్నదదే గద. ఒక్కనాడు సుత మంచిగనిపియ్యలే. ఒచ్చినోళ్లందర్కి వాడు చెప్తుండె, "మా సాయన్నే దీన్ని బతికిచ్చిండు" అని. సచ్చేదాక గదే మాట.

ఆ మాట ఎత్తింది నువ్వేనని వానికి చెప్పినవా అంటవా?

ఆ రాళ్లు మెట్ల లెక్క పెట్టు బిడ్డా, జర ఎత్తుగ. అయ్యో, చేపలు గద. చేపలకు మెట్లెందుకు.