కంపెనీ సెలవు

హలో… ఆఁ, నేనే మావయ్యా. … లేదు, మేనకోడలిగా కాదు. కాంట్రాక్టు విభాగం నుంచి మాట్లాడుతున్నాను. … నవ్వకు. … నవ్వకన్నానా.

ఎక్కడున్నావు? … హాల్లోనే ఉన్నావా, మంచిది. నీ మనుషులు? … పన్నెండుమందీ వచ్చారా. ఇంకా మంచిది. ఏం చేస్తున్నారు?

… కూర్చున్నారా.

… కుర్చీల్లోనా? వెనక గోడ వైపు తిరిగి? … అవును, కుర్చీలు అటున్నాయి కాబట్టి అటే తిరిగి కూర్చుంటారు, అంతవరకూ నాకూ అర్థమైంది. … గోడ చాలా బాగా కుదిరిందన్నారా. సంతోషం. ప్లాస్టరింగ్ మేస్త్రికి చెప్తాలే.

మావయ్యా, టైమెంత? … మూడూ ఐదు. మూడున్నరకి మా ఓనరు గారు కాలేజీ ప్రిన్సిపాల్‌ని వెంటబెట్టుకుని వస్తున్నారు, హాలు అప్పగించడానికి. ఆ ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి వేదికెక్కుతారు. ఎక్కి చూస్తే ఏం కనిపిస్తుంది? … ఆఁ. ఎనిమిది వరుసల వీపులు.

నువ్వు బిగించలేదు, తెలుసు. మా కంపెనీ వాళ్ళే బిగించారు. నిన్న సాయంత్రం ఓవర్‌టైములో, ప్లాను కాగితం తలకిందులుగా పట్టుకుని. … వాళ్ళని ఎలా పిలుస్తాను? ఉద్యోగికి వారానికి ఇన్ని గంటలే ఓవర్‌టైమని షరతుంది. గంటలు అయిపోయినవాడు సోమవారం దాకా ఈ గేటు దాటకూడదు. … ఎవరు రాశారంటే… నేనే రాశాను. … ఆఁ, గట్టిగానే రాశాను. థాంక్స్.

అందుకేగా నిన్ను పిలిచింది. నువ్వు ఉద్యోగివి కాదు, ఉప కాంట్రాక్టరువి. వరుసకి నాలుగు బోల్టులు. విప్పి, ఎత్తి, తిప్పి, బిగించడం. పన్నెండుమంది ఉంటే పావుగంట పనని పొద్దున నువ్వే అన్నావు.

మరి ఎందుకు కూర్చున్నారు?

… ఏ షరతు?

… పధ్నాలుగోదా. చదువు. … 'కంపెనీ సెలవు లేనిదే, సెలవు దినమున ఉప కాంట్రాక్టరు పని చేయరాదు.' … అవును, నా వాక్యమే. బాగుందిగా. ఇవాళ శనివారం, సెలవు దినమే. అయితే ఏమైంది?

… కాదు.

… కాదు మావయ్యా. మొదటి సెలవంటే అనుమతి. కంపెనీ అనుమతి లేకుండా సెలవు రోజున పని చేయకూడదని. పాత పుస్తకాల్లో 'తమ సెలవైతే వెళ్తాం' అని ఉండదూ, ఆ సెలవు.

… కంపెనీ సెలవులో ఉంటేనే నువ్వు పని చేయాలని ఎందుకు రాస్తాను? ఏ కంపెనీ అయినా అలా రాసుకుంటుందా?

… మరి అనుమతనే రాయొచ్చుగా అంటే… పై రెండు లైన్లలోనూ అనుమతి, అనుమతి అని వచ్చింది. మూడోసారీ అదే మాటైతే చదవడానికి బాగోదని… … అసలు ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాయకూడదని రెండో తరగతిలో నా చెవి మెలిపెట్టిందెవరు? … ఆఁ. అనుభవించు.

… ఏ తలుపు? … పోయిన నెల తలుపా. అది వేరు. నువ్వు కాగితం లేకుండా ఆదివారం బిగించావు. అందుకే సోమవారం విప్పించి మళ్ళీ బిగించమన్నాను. … నా రూలే అది. … మంచి తలుపే. నేను కాదన్నానా. … అయితే ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నావన్నమాట. … జాగ్రత్తపడుతున్నావా. ఓహో.

మావయ్యా, విను. సోమవారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఓనరు గారి బల్ల మీదుంది. ఇవాళ ఆ కుర్చీలు గోడని చూస్తూ కనిపించాయా, ఆయన సంతకం పెట్టడు. … ఒక్క కుర్చీ అటు తిరిగున్నా పెట్టడు. … అమ్మకి చెప్పకు. అమ్మకి తెలీదు.

… మనసు కరిగిందా? … కరిగింది కానీ కాగితం కాగితమే అంటావు. బాగుంది.

సరే, స్పీకర్ పెట్టు. నేనే చెప్తాను, పన్నెండుమందీ సాక్ష్యం. … పెట్టావా? … ఆఁ, నమస్కారమండీ అందరికీ. కాంట్రాక్టు విభాగం అధికారిగా, కంపెనీ తరఫున, ఇవాళ మధ్యాహ్నం మీ అందరికీ సెలవు ఇస్తున్నాను.

… ఏంటా చప్పుడు?

… లేచారా. చూశావా, వాళ్ళకి అర్థమైంది. పానాలు తీశారా?

… సంచుల్లో పెడుతున్నారా? ఎందుకు?

… నేను ఇంటికెళ్ళమన్నానా? ఎప్పుడన్నాను?

… అన్నాను.

… అన్నాను, 'సెలవు ఇస్తున్నాను' అన్నాను. అది ఆ సెలవు కాదు. మావయ్యా, ఆపు వాళ్ళని. … నేను చల్లగా ఉండాలని దీవిస్తున్నారా. దీవించనీ, ముందు ఆపు. … పరిగెత్తు. … నీ నడుం సంగతి నాకు తెలుసు, అయినా పరిగెత్తు.

… వస్తున్నారు. కనిపిస్తున్నారు. … నాకే కనిపిస్తున్నారు. కిటికీలోంచి చూడు. గేటు బయట ఎర్ర గొడుగు. … అవును, నేనే. … గంట నుంచీ ఇక్కడే ఉన్నాను.

— అన్నా, ఆగండి. వెనక్కి పదండి. సెలవు లేదు. ఇచ్చాను కానీ లేదు. … కాపలా తాతా, గేటు తీసి వాళ్ళని బయటికి పంపకు. … అదిగో, తాత వాళ్ళకి షరతు చెప్తున్నాడు. సెలవు రోజున ఒకసారి బయటికెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రాకూడదట, తెచ్చుకున్న అన్నం డబ్బాల సంగతి కూడా ఆలోచించుకోమంటున్నాడు. … డబ్బాలు లోపలే మర్చిపోయారా? అయితే దేవుడున్నాడు. వెనక్కొస్తున్నారు.

… నేనెందుకు లోపలికి రాలేదా?

… కాపలా తాత రానివ్వలేదు. … గొడవపడలేదు. మర్యాదగా గోడ మీద కాగితం చూపించి, కళ్ళజోడు తేలేదు, కాస్త చదివిపెట్టమ్మా అన్నాడు. నేనే చదివాను. గంటలు అయిపోయిన ఉద్యోగి లోపలికి రాకూడదని. … నా గంటలా? బుధవారానికే అయిపోయాయి.

… ఏం చేస్తూనా? … ఈ షరతులు రాస్తూ.

… నవ్వు. ఇప్పుడు నవ్వు. నీకు హక్కుంది.

… మూడూ పన్నెండు. మావయ్యా, ఏదో ఒకటి చెప్పు. నీ మాట ప్రకారమే పోదాం. కంపెనీ సెలవులో ఉండాలి, అంతేనా? … కంపెనీని ఎలా పంపిస్తాను సెలవు మీద? ఓనరు గారేమో కారులో ఉన్నారు. తాతేమో డ్యూటీలో—

… ఏ పేజీ?

… మొదటి పేజీలో అర్థాలున్నాయి, అవును. చదువు. … 'ఈ పత్రమున కంపెనీ అనగా కాంట్రాక్టు విభాగపు అధికారి.' … అవును, సంతకం ఎవరు పెట్టాలో తేలడం కోసం అలా…

… అంటే…

… నేనే కంపెనీనా.

… నేను సెలవు పెడితే కంపెనీ సెలవులో ఉన్నట్టా. … మావయ్యా, ఈ ఆరు నెలల్లో ఒక్క రోజు సెలవు పెట్టలేదు నేను. జ్వరమొచ్చినా పెట్టలేదు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం, గేటు బయట గొడుగు కింద నిలబడి పెట్టాలా?

… పెడతాను.

కాగితం… కాగితం లేదు. … బస్సు టిక్కెట్టు ఉంది. వెనకాల ఖాళీయే. … ఎవరికి రాయాలి? కంపెనీకి. కంపెనీ అంటే నేను. 'అమ్మా, నాకు ఈ ఒక్క పూట సెలవు ఇప్పించగలరు.' … కారణమా? … 'మేనమామ' అని రాశాను.

… మంజూరు చేసేదీ నేనే. చేశాను. కాస్త ఆలోచించి చేశాను, ఊరికే ఇచ్చేయకూడదుగా.

— తాతా, ఇది లోపల మేస్త్రికి పంపించు. … ఆయనకే. … బస్సు టిక్కెట్టే, వెనక చూడు. … మావయ్యా, వస్తోంది. నీవాళ్ళలో నీలం చొక్కా ఆయన తెస్తున్నాడు.

… అందిందా? … చదివావా? … 'ఇప్పించగలరు' తర్వాత ఏం లేదా? … చుక్కా? చుక్క పెట్టలేదా? … మావయ్యా. పెట్టుకో. నీ పెన్నుతో ఒక చుక్క పెట్టుకో.

… ఆఁ.

… మొదలైంది. వినిపిస్తోంది. పానాల చప్పుడు ఇంత బాగుంటుందని అనుకోలేదు. … మొదటి వరుస లేచిందా? … ఎంతవరకొచ్చింది? రెండోది విప్పారా?

… ఎందుకు ఆగిపోయింది?

… అడగడం కూడా పనేనా?

… కుర్చీల సంగతి అడిగితే కంపెనీ డ్యూటీలోకి వచ్చేసినట్టా. … నువ్వు మేస్త్రీవి కాదు, వకీలువి కావలసినవాడివి. … అడగను. అడగనన్నానా. నేను సెలవులో ఉన్నాను. ఉత్త మేనకోడలిని. … మేనకోడలు ఏం అడుగుతుంది? … అత్తయ్య ఎలా ఉందని అడుగుతుంది. సరే.

అత్తయ్య ఎలా ఉంది మావయ్యా?

… మోకాళ్ళ నొప్పులా. ఎప్పటినుంచి? … మెట్లు ఎక్కడం కష్టంగా ఉందా, పాపం. ఎన్ని మెట్లు? … ఎనిమిదా? మీది కింది అంతస్తే కదా, మీకు మెట్లెక్కడి—

… ఓ.

… ఓహో. ఎనిమిది మెట్లు. అవునవును, మర్చిపోయాను. ఇప్పుడు ఎన్నో మెట్టు మీదుంది అత్తయ్య? … రెండు ఎక్కేసి మూడో దాని మీద కాలు పెట్టిందా. బంగారుతల్లి. … తొందరపెట్టు మావయ్యా. పెద్దావిడే, అయినా తొందరపెట్టు.

… నాలుగు. … ఐదు. … బాగా ఎక్కుతోంది.

… ఇరుక్కుందా? ఏం ఇరుక్కుంది? … బోల్టు తుప్పుపట్టిందా. … మోకాల్లో. అత్తయ్య మోకాల్లో బోల్టు. సరే. మరి నూనె రాయండి. … నూనె లేదా? … తాత దగ్గర తలుపులకి వేసే నూనె సీసా ఉంది, కనిపిస్తోంది నాకు. — తాతా, ఆ సీసా కాస్త లోపలికి పంపు, మా అత్తయ్య మోకాలికి. … తాత అంటున్నాడు, అది మనుషులకి పనికిరాదట. … రాస్తే పోయేదేం లేదు తాతా, పంపు.

… ఒక్క నిమిషం. వేరే ఫోన్ వస్తోంది.

… ఓనరు గారు.

… ఎత్తితే పనిలో ఉన్నట్టు. నువ్వు పానాలు దింపేస్తావు. … ఎత్తకపోతే మేనర్స్ లేనట్టు. ఆయన సంతకం దింపేస్తాడు.

… ఎత్తను. … ఎత్తను మావయ్యా, సెలవులో ఉన్నాను. … నువ్వు ఏదైనా మాట్లాడు. … అత్తయ్య ఆరో మెట్టా. ఇంకా మాట్లాడు. … ఆగిపోయింది. రింగ్ ఆగిపోయింది. ఆరు నెలల్లో మొదటిసారి ఎత్తలేదు. … హాయిగానే ఉంది.

… ఏడు? … నూనె పనిచేసిందా. … అయితే ఇక—

కారు. మావయ్యా, కారు ఆగింది. మూడూ ఇరవై ఐదే. ఐదు నిమిషాలు ముందొచ్చేశారు.

— నమస్కారం సార్. నమస్కారమండీ ప్రిన్సిపాల్ గారూ. … చూశాను సార్, ఎత్తలేదు. సెలవులో ఉన్నాను. … అవును సార్, నేనే. … కాగితం ఇచ్చాను సార్, లోపల మేస్త్రి దగ్గరుంది. … ఇదా? మా మావయ్యతో సార్. ఇంటి సంగతి. మా అత్తయ్యకి మోకాలు బాగోలేదు.

మావయ్యా, అత్తయ్య ఎక్కడ? … ఆఖరి మెట్టు. ఒక కాలు పెట్టిందా? రెండోదో? … గాల్లో ఉందా. గాల్లో ఎందుకుంచారు, దింపండి.

— మెట్లు ఎక్కుతోంది సార్. … ఇప్పుడే, ఈ క్షణంలోనే. … ఎనిమిదో మెట్టు. మీరొక్క నిమిషం ఆగగలరా? లోపలికెళ్తే ఈ గేటు దగ్గర సిగ్నలు… కాదు, నాకు ధైర్యంగా ఉంటుంది సార్, మీరు పక్కనుంటే. … థాంక్యూ సార్.

మావయ్యా, ఇద్దరూ ఆగారు. ఓనరు గారు గొడుగు పట్టుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నారు. త్వరగా.

… ఎక్కేసిందా?

… మొత్తం? … గట్టిగా కూర్చుందా, ఊగడం లేదుగా? … ఎటు తిరిగి కూర్చుంది? … మళ్ళీ చూసి చెప్పు. … వేదిక వైపేనా. ఎనిమిదీ వేదిక వైపేనా.

— ఎక్కేసిందండీ. … అవునండీ, ఒంటరిగానే. … ఏడవడం లేదు సార్, ఎండకి కళ్ళు… … ఏంటి సార్? … అబ్బే, అంత అవసరం… … తాత చెప్పాడా? మోకాలికి నూనె లోపలికే పంపానన్నాడా?

మావయ్యా.

… పెట్టేయకు, ఒక్క మాట. అత్తయ్య లోపలే ఉందని తాత చెప్పేశాడు. ఓనరు గారు, ప్రిన్సిపాల్ గారు ముందు ఆవిడని పలకరించి, తర్వాత హాలు చూస్తామంటున్నారు. … వచ్చేస్తున్నారు. గేటు దాటేశారు.

… నాకేం తెలుసు? పన్నెండుమంది ఉన్నారుగా. మీసాలు లేని ఒకాయన్ని మొదటి వరుసలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, మోకాలు పట్టుకోమను. … నన్నడగకు, నేను సెలవులో ఉన్నాను. ఉంటాను.