రెండు బ్లేడ్ల మనిషి

హలో… ఆ, నేనేనండీ. పూర్తిగా నేనే అనలేను. ప్రస్తుతానికి సగం నేను.

…లాడ్జిలోనే ఉన్నాను. బయల్దేరానని చెబుదామనుకున్నాను గానీ… మొదటి పరిచయంలోనే అబద్ధం ఎందుకని.

లేదు లేదు, పొద్దున్నే లేచాను. లిఫ్ట్ మెకానిక్‌ని, పైకి లేవడంలో నాకు తిరుగులేదు. ఇవాళ కిందికి దిగడమే కుదరడం లేదు.

ఎందుకంటే… గడ్డం అండీ. గడ్డమే గండమై కూర్చుంది.

నవ్వారా?… దగ్గా. సరే.

చెబుతాను. ఎడమ చెంప అద్దంలా మెరుస్తోంది. కుడి చెంప మీద వారం నుంచీ పెరిగిన గడ్డం పెరిగినట్టే ఉంది. మధ్యలో మీసం… మీసం కాదండీ, మోసం! ఒక పక్క ఎలక కొరికినట్టుంది. మొత్తానికి పని అర్ధమే అయింది. అర్థమైందా?

…బేకరీకి వచ్చి కూర్చున్నారా అప్పుడే! షాపు మూసి మరీనా? అయ్యో… బట్టలు కుట్టడానికి ఇచ్చినవాళ్ళంతా తాళం చూసి నన్ను తిట్టుకుంటారు.

తప్పు నాది కాదు, మా అక్కది. మీ వదినగారూ ఆవిడా మాట్లాడుకునే కదా మనిద్దరినీ ఇవాళ ఆ బేకరీలో కలవమన్నారు… ఆఁ, ఆ అక్కే. "పెళ్ళిచూపులకి వెళ్తూ ఆ పాత రేజర్ ఏంట్రా" అని తనలో తనే అనుకుని, దాన్ని నా సంచిలోంచి తీసేసి, ఐదు బ్లేడ్లది కొత్తది పెట్టింది. నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున జిప్పు తీసి చూద్దును కదా… బ్యాటరీది! మీట నొక్కితే వణుకుతుంది. దానికెందుకండీ వణుకు? ఇవాళ వణకాల్సింది నేను!

…మంచిదే అయ్యుంటుంది. రోజూ గీసుకునేవాళ్ళకి. నాకు ఈ ఊరి ఆసుపత్రి లిఫ్టుతో వారమంతా తీరిక లేకపోయింది, గడ్డం గడ్డివాములా పెరిగింది. ఇప్పుడు చూడండి, ఒక లిఫ్టు బాగుచెయ్యడానికి ఐదుగురిని పంపితే ఏమవుతుంది? ఒకడు స్క్రూ తిప్పుతాడు, మిగతా నలుగురూ తలూపుతారు. ఇదీ అంతే. బ్లేడుకీ బ్లేడుకీ మధ్య సందే లేదు. ఎడమ చెంప అయ్యేసరికి వెంట్రుకలూ నురగా కలిసి అట్టకట్టేసింది. గొరగడానికి కొరగాకుండా పోయింది.

పైగా ఆ రేజర్ తల చూస్తే ఇంత లావు. ముక్కు కింద పట్టదు. ముక్కైనా జరగాలి, మీసమైనా జరగాలి… జరగరానిది జరిగింది.

…కడిగానండీ. కుళాయి కింద పెట్టాను, ఊదాను, వాష్‌బేసిన్ అంచుకి టపటపా కొట్టాను. తల ఊడి ఎగిరింది.

…ఎక్కడ పడిందా? అది… మొదటి పరిచయంలో చెప్పే చోటు కాదు.

ఆఁ. అక్కడే.

తియ్యను! మీరు చెప్పినా తియ్యను!

…ఇంకో తల లేదు. మిగతావన్నీ అక్క బీరువాలో భద్రంగా దాచింది.

పాతదా? పాతదాని గురించి… అడుగుతున్నారా? మీరే అడిగారు. తర్వాత నేను బ్లేడు వేశాననకూడదు.

రెండు బ్లేడ్లండీ, అంతే. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నాను. పిడి ఇప్పటికీ అదే, కార్ట్రిడ్జ్ అంటారే, ఆ తల మాత్రం మారుస్తుంటాను. సన్నటి తల. ముక్కు కింద దూరుతుంది, చెవి పక్కన దూరుతుంది, నా చుబుకం మధ్య ఒక గుంట ఉంది చూశారా… చూడలేదు కదూ, చూస్తారు… అందులోనూ దూరుతుంది. మగ్గులో ముంచి రెండుసార్లు ఆడిస్తే చాలు, శుభ్రం. వాడీ వాడీ వాడి తగ్గిందనుకోండి, ఏ చిన్న కొట్టుకెళ్ళినా కొత్త తల దొరుకుతుంది.

ఇక ప్రయాణాలకి… నా కాపురం సగం లాడ్జీల్లోనే. అది కళ్ళజోడు పెట్టెలో పట్టేస్తుంది. చార్జర్ మర్చిపోయే బాధ లేదు. కరెంటు కోతున్నా గడ్డం కోత ఆగదు! చన్నీళ్ళ లాడ్జి, అద్దం పగిలిన లాడ్జి, ఊగే రైలు… ఎక్కడైనా సరే, ఒక్క గాటు పడలేదు. మా నాన్నది విడి బ్లేడు బిగించుకునే రేజర్. అదీ మంచిదే, తీరిగ్గా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి. రైల్లో దాంతో గీసుకుంటే, దిగేటప్పటికి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు నన్ను గుర్తుపట్టరు.

…లేదండీ, లోపం లేదనడం లేదు. ఐదు బ్లేడ్లది ఒక్కసారి లాగితే వచ్చే నునుపుకి, దీంతో రెండుసార్లు లాగాలి. నా ఎడమ చెంప చూస్తే నా కుడి చెంపకే కుళ్ళు పుడుతోంది. ఒప్పుకుంటాను. కానీ పని సగంలో వదిలేసే నునుపు ఎవడిక్కావాలి?

మీ కత్తెరా?… ఎవర్నీ ముట్టుకోనివ్వరా? దాంతో కాగితం కోస్తే… చేతిమీద కొడతారా! అదీ! ఇప్పుడు మీరు మా జట్టు!

…ఏంటి?… పాతదేదీ వదలరా అంటే…

పాతదని కాదండీ పట్టుకుని వేలాడేది. రోజూ పనికొస్తుందని.

…వస్తాను. తప్పకుండా వస్తాను. ఎందుకలా అడుగుతున్నారు?

…

అలాగా.

ఇదే బేకరీలోనా? ఇంతకుముందు మిమ్మల్ని చూడ్డానికి వస్తానన్నాయన… ట్రాఫిక్‌లో ఉన్నానని చెప్పి… ఆ తర్వాత ఫోన్ ఎత్తనేలేదా.

…

అవునండీ. ట్రాఫిక్ అంటే కాస్త నమ్మేట్టయినా ఉంటుంది. నేను గడ్డం అంటున్నాను.

ఫోటో తీసి పంపనా?… వద్దా. "ఫోటోలు ఆయనా పంపాడు." …ఓహో.

లేదు, ఇంకోసారి కలుద్దాం అనకండి. ఇంకోసారి అంటే ఇంక లేదనే. అన్ని ఊళ్ళు తిరిగిన మనిషిని, ఆ మాట నాకు తెలుసు.

టీ చెప్పారా?… సగం అయిందా. మిగతా సగం మెల్లగా తాగండి. అది అయిపోయేలోపు నేను మీ ఎదురుగా ఉంటాను. పక్క వీధే కదా.

గడ్డమా? నాతోనే వస్తుంది. దాన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలి ఎలా రాను!

ఫోన్ పెట్టేయకండి. చొక్కా వేసుకుంటున్నాను… గుండీ ఒకటి తప్పింది… ఆఁ, అయింది. తలుపు. తాళం.

లిఫ్టా? ఈ లాడ్జిలో లిఫ్టు పనిచెయ్యదు. మెట్లే. …దగ్గు కాదు ఇప్పుడు! నవ్వారు! విన్నాను!

నమస్కారమండీ… మీక్కాదు, రిసెప్షన్ ఆయనకి. నోరు తెరిచి చూస్తున్నాడు. ఫ్యాషనండీ, ఫ్యాషన్!… ఆఁ, వీధిలోకి వచ్చాను.

రుమాలు అడ్డం పెట్టుకున్నాను. అయినా ఆటోలో స్కూలు పిల్లలు పట్టేశారు. ఎడమ పక్కవాళ్ళు "అన్నయ్యా" అంటున్నారు, కుడి పక్కవాళ్ళు "తాతా" అంటున్నారు. కుడి పక్క తెల్లవెంట్రుకలున్నాయిలెండి, ఇప్పుడే చెప్పేస్తున్నాను.

…ఏంటండీ? ఆటో మోతలో వినపడలేదు.

ఓ. ఇన్నాళ్ళూ పెళ్ళెందుకు చేసుకోలేదనా. దానికి నా దగ్గర మంచి జోకొకటి…

జోకు లేకుండానా.

…

రోజంతా లిఫ్టు తిరిగే ఆ చీకటి గోడల మధ్య ఒక్కణ్ణే ఉంటానండీ. ఏదన్నా అంటే నా గొంతే తిరిగొస్తుంది. దాంతో జవాబు కోసం ఆగకుండా మాట్లాడేయడం అలవాటైపోయింది. ఒకరిద్దరు వచ్చారు, కాసేపు విన్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళు ఏం చెప్పాలనుకున్నారో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆగుతాను. ఇదిగో, ఆగాను. మీరు చెప్పండి.

…

…ఊఁ.

…

…ఊఁ, వింటున్నాను.

…

లేదు లేదు, లైన్లోనే ఉన్నాను! నా చప్పుడు లేకపోతే కట్టయిందనుకున్నారా?… మీరు చెప్పింది మొత్తం విన్నాను. రాత్రిళ్ళు మిషను ఆగిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుందన్నారు. మాట్లాడే మనిషి ఉంటే బాగుంటుంది, కానీ మధ్యలో మిమ్మల్నీ మాట్లాడనివ్వాలన్నారు. …అంతే కదా? మధ్యలో ఏమీ వదిలెయ్యలేదు కదా?

హమ్మయ్య.

బేకరీ బోర్డు కనిపిస్తోంది. పక్కనే ఫ్యాన్సీ షాపు… తెరిచే ఉంది! రెండు బ్లేడ్లది వేలాడుతోందండీ, గుమ్మంలోనే! ఒక్క క్షణం, కొనేసి, మీ బేకరీలో చేతులు కడుక్కునే చోట రెండు గీతలు గీసుకుని, మనిషిలా మీ ముందుకి…

…ముందు రావాలా? ఇలాగేనా? జనం ఉన్నారండీ లోపల!

…మీకు ఫరవాలేదంటే నాదేముంది.

కిటికీ పక్క బల్ల… నీలం చీర… చెయ్యి ఊపుతోంది మీరేనా? ఎదురు కుర్చీ ముందు ఇంకో టీ ఉందే… నాకా? ఎప్పుడు చెప్పారు? నేను మెట్లు దిగుతున్నప్పుడే?…

రుమాలు తియ్యాలా.

తీస్తున్నాను. బాధ్యత మీదే.

…

అంతలా నవ్వకండీ, టీ ఒలుకుతుంది! ఆగండి… మీ నవ్వు గాజుతలుపు అవతల్నుంచి ఒకసారి, ఆ వెనకే ఫోన్లో ఇంకోసారి వినిపిస్తోంది. ఫోన్లోది కాస్త ఆలస్యంగా వస్తోంది.

నేను ముందొచ్చిన నవ్వు దగ్గరికే వస్తాను… పెట్టేస్తున్నానండీ.