ఆడపిల్లల ఫ్రేమ్

హలో… ఆఁ, అత్తనే. ఈ సైకిలు షాపులో ఇంకెవరెత్తుతారే ఫోను?… ఏంటి, గొంతు అలా ఉంది? రేసు మొదలవలేదా?

నలభై నిమిషాలుందా. మరి పోయి కాళ్ళు వేడెక్కించుకోక నాకెందుకు ఫోను?…

ఆగాగు. నెమ్మదిగా చెప్పు. ఇక్కడ మాస్టారు చక్రం పట్టుకుని నా నెత్తి మీద నిలబడ్డారు… ఒక్క నిమిషం మాస్టారూ, మా అన్నయ్య కూతురు. ఇవాళ దాన్ని జట్టులోకి తీసుకుంటారో లేదో తేలిపోతుంది. మీ పంక్చరు ఎక్కడికీ పారిపోదు, ఆ స్టూలు లాక్కుని కూర్చోండి… ఆఁ, ఇప్పుడు చెప్పు తల్లీ.

నడుం నొప్పా. మళ్ళీనా?… కోచ్‌కి చెప్పావా?… ఏమన్నాడు?

"ఆడపిల్లల నడుం ఇంతే" అన్నాడా! ఆయన నడుం సంగతి నాకు తెలీదా? మొన్న షాపుకొచ్చి బూటు లేసు కట్టుకోడానికి గోడ పట్టుకున్నాడు… నవ్వావు కదా, బతికించావు.

ఇవాళ కూడా చివరి చుట్టులో వెనకబడితే?… జట్టులోకి తీసుకోడా? అస్సలు?… ఊఁ. పోయిన రెండు రేసులూ అలాగే పోయాయి కదా. ఇదే ఆఖరిదన్నమాట.

ఏంటి, ఇంకోటి చెప్పాలా? చెప్పు… తిట్టను… ఒట్టెందుకే, ముందు చెప్పు.

తమ్ముడి బండి ఎక్కావా! ఎప్పుడు?… నిన్న సాయంత్రం. ఎంతసేపు?… రెండు చుట్లు. మరి నొప్పి?… లేదా?… అస్సలు లేదా?… గడియారం చూసుకున్నావా?… పదకొండు సెకన్లు తగ్గిందా, ఒక్కో చుట్టుకి?

ఓహో. అందుకా ఈ ఫోను. అత్త కట్టిన బండి పక్కన పడేసి మగపిల్లాడి బండి మీద పోతాను, దీవించు అని. బాగుందే! ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో. మూడు నెలలు కూర్చుని కట్టానే దాన్ని. ప్రతి అతుకూ నా చేత్తో కాల్చి అతికాను. ఆ నెమలికంఠం రంగు కోసం మూడుసార్లు వేసి గీకేశాను. ఎండలో పెడితే చాలు, ఎలా మెరుస్తుందో…

హలో… ఏడుస్తున్నావా?… రేసు ముందు ఏడవకూడదే, ఊపిరి అందదు. సరే, తిట్టనన్నాను, తిట్టేశాను, అయిపోయింది. ముక్కు తుడుచుకో.

ఆ ఫ్రేమ్ ఎందుకు కట్టానో నీకు తెలుసు కదా… తెలిసినా మళ్ళీ వింటావు, ఇవాళ నీ ఖర్మ. నీ వయసులో నేను తొక్కింది మీ నాన్న బండి. హ్యాండిల్ అందుకోవాలంటే దాని మీద పడుకోవాల్సిందే. రేసులో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర మెడా భుజాలూ కొయ్యబారిపోయాయి. దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను. వెనకాల వచ్చిన వాళ్ళందరూ నా ముందు నుంచే పోయారు. తర్వాత ఆడవాళ్ళకి రేసు బండి ఉందా అని దుకాణానికి వెళితే ఏం చూపించారో తెలుసా? అదే మగాళ్ళ బండి. కాస్త చిన్నది, గులాబీ రంగు వేశారు… అదే కదా, రంగు మారిస్తే చెయ్యి పొడుగవుతుందా!

అప్పుడు పట్టుకున్నాను. ఆడదానికి కాళ్ళు పొడుగు, నడుం పొట్టి. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే పై గొట్టం తగ్గించాలి. ఎవడూ తగ్గించడు కాబట్టి నేనే తగ్గిస్తా. పాతికేళ్ళుగా అదే పని. నా బండెక్కి నొప్పన్నది ఒక్కతీ లేదు. మొదటిదానివి నువ్వే దొరికావు, అదీ ఇంటి పిల్లవి.

సరే, ఎలా ఉంటుందో చెప్పు… నడుం మధ్యలోనా, కిందా?… కింద. ఇంకా?… మోకాళ్ళు మోచేతులకి కొట్టుకుంటున్నాయా? లేచి తొక్కేటప్పుడా?… కూర్చున్నప్పుడు కూడానా?… వీపు గూనిలా లేస్తోందా. పెద్దమనిషి వెళ్ళి చిన్నపిల్లల బెంచీలో కూర్చున్నట్టు?

అవన్నీ పై గొట్టం పొట్టిదైతే వచ్చే బాధలే. కానీ ఎలా పొట్టిదవుతుందే? నీ కొలతలకే కదా కట్టింది. ఉండు, నీ పేజీ తీస్తా. మాస్టారూ, ఆ కొలతల పుస్తకం… మీ మోచెయ్యి కిందే ఉంది.

ఆఁ. డాక్టరమ్మ… కవల పిల్లలు… పోస్టాఫీసు అమ్మాయి… ఆ ఏడాదే కదా నీది. నర్సు… ఈత నేర్పే ఆవిడ… ఏదీ, నీ పేజీ కనపడదేం?

పోనీలే. గోడకి నీ ఫ్రేమ్ బొమ్మ అంటించి ఉంది, దాని మీద అంకెలున్నాయి. ఎత్తు నూట అరవై ఆరు. లోపలి కాలు ఎనభై. చెయ్యి యాభై తొమ్మిది. సరిపోయిందా?… నీకెలా తెలుస్తుందిలే. తమ్ముడు పక్కనే ఉన్నాడా? టేపుందా? వ్యానుకి వీపు ఆనించి నిలబడు. బూట్లు విప్పు. కాళ్ళ మధ్య ఒక పుస్తకం నిలబెట్టి, సీటు ఆనినట్టు పైకి నొక్కి పట్టుకో… ఏ పుస్తకమైనా పర్లేదే… రేసు నియమాల పుస్తకమా? పోనీ, ఇన్నాళ్ళకి దానికీ ఒక పని దొరికింది. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవమను.

ఎంత?… డెబ్బై నాలుగా? మళ్ళీ చూడమను. మీ తమ్ముడికి టేపు ఏ చివర మొదలవుతుందో తెలుసా అసలు?… డెబ్బై నాలుగే. మరి ఆరు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయే? కాళ్ళేమైనా సబ్బుబిళ్ళలా, అరిగిపోడానికి!

చెయ్యి చూడండి. భుజం ఎముక నుంచి పిడికిలి దాకా… అరవై నాలుగు…

ఉండు, ఫోను పెట్టకు, నేనూ ఒకటి కొలిచి చూడాలి.

మాస్టారూ, కాస్త సాయం పట్టండి. ఈ టేపు చివర నా మడమ దగ్గర ఆనించి పట్టుకోండి… అయ్యో, మీరు కళ్ళు మూసుకోనక్కర్లేదు, ప్యాంటే కదా వేసుకున్నాను! ఈ పైన అంకె చదవండి. ఎంత?

ఎనభై.

విన్నావా?… ఎనభై నాదే. చెయ్యి కొలవక్కర్లేదు, అదీ నాదే అయ్యుంటుంది. ఈ గోడ మీద ఉన్నది నీ బొమ్మ కాదే. నాది.

ఎలాగంటే ఏం చెప్పను… నీ పదహారో ఏట ఇద్దరం తలుపు దగ్గర వీపూ వీపూ ఆనించి నిలబడ్డాం, గుర్తుందా? మీ అమ్మ చూసి, అచ్చం మేనత్తే, ఒక్క పిసరు తేడా లేదు అంది. నేను పొంగిపోయి షాపుకొచ్చి గీసేశాను. దారిన పోయేవాళ్ళు చైనుకి నూనె వెయ్యమని వచ్చినా నిలబెట్టి పదకొండు కొలతలు తీస్తానే! నీకు ఒక్కసారి టేపు పెట్టలేదు. మన పిల్లే కదా, కొలిచేదేముంది అనుకున్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట… నవ్వు, నవ్వు. నవ్వాల్సిందే.

ఎత్తొక్కటే నాది. మిగతాదంతా మీ నాన్న పోలిక. పొడుగు నడుం, పొట్టి కాళ్ళు. అన్నయ్య కూర్చుంటే ఎంత గంభీరంగా ఉంటాడు? లేచి నిలబడితే, లేవండి అంటారు.

కాదు, నా తప్పేనే. కోచ్ మాటకి ఇందాక నవ్వాను కదా? నేనూ అదే అన్నాను. ఆడపిల్లల నడుం ఇంతే అన్నాను. కాకపోతే ప్రేమగా అన్నాను… నీకోసం కడుతున్నా, నీకోసం కడుతున్నా అనుకుంటూ, ఆవేళ రోడ్డు పక్కన కూర్చున్న పిల్లకి కట్టాను బండి. తీసుకొచ్చి నిన్నెక్కించాను.

ఏడాదిగా ఆ నొప్పితో తొక్కుతున్నావు. ఎందుకు చెప్పలేదే?… నేను బాధపడతాననా?… పిచ్చిమొహమా. చెబితే ఒక్కరోజు బాధపడేదాన్ని. ఇప్పుడు ఏడాది బాధా ఒక్కసారే పడాలి.

సరే, ఏడుపులు తర్వాత. టైమెంతుంది?… ఇరవై రెండు నిమిషాలా. బోలెడు. తమ్ముడి బండి తియ్యి… వాడి రేసు మధ్యాహ్నం కదా, ఇస్తాడు. మగాళ్ళ ఫ్రేమ్ అని ఎవరైనా అంటే అననీ. గొట్టానికి మీసాలుంటాయా? నీ నడుం పొడుగు, దాని పై గొట్టం పొడుగు, సంబంధం కుదిరింది, అంతే.

అయితే వాడి సీటు మాత్రం వద్దు. అక్కడ ఆడా మగా తేడా కాస్త ఉంటుంది, మనకి కూర్చునే ఎముకలు వెడల్పు. నీ సీటు నీకు బాగానే ఉంది కదా?… హమ్మయ్య, ఒక్కటైనా కుదిరింది. దాన్ని విప్పి వాడి బండికి బిగించండి. ఎత్తు దించాలి. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి, తుంటి పక్కకి వాలకూడదు… ఆఁ, అంతవరకే.

ఇప్పుడు బ్రేకు. నీ వేళ్ళు పొట్టి, అవి మాత్రం నావేలే, ఎవరూ కాదనలేరు. లివరు లోపలి పక్క చిన్న స్క్రూ ఉంటుంది చూడు. తిప్పితే లివరు వేళ్ళకి దగ్గరగా వస్తుంది… రెండు వైపులా సమంగా. నంబరు చీటీ ఈ బండికి మార్చారా? తనిఖీ వాళ్ళకి చూపించి రండి, ఫోను ఆపకు…

ఏమన్నారు?… ఏమీ అనలేదా. మంచిది. నట్టులన్నీ ఇంకోసారి బిగించు. సీటు పట్టుకుని ఊపు… కదలట్లేదుగా. ఎక్కు.

ఎలా ఉంది?…

చేతులు సాగాయా… మోకాలికీ మోచేతికీ మధ్య?… బెత్తెడు ఖాళీ. అదీ! అలా ఉండాలి.

పిలుస్తున్నారు, నాకూ వినిపిస్తోంది. వెళ్ళు. గెలిచినా ఓడినా ఒకటే— ఛ, అదెవరో నిద్రలో అనే మాట. గెలువు! ముగ్గురిని తీసుకుంటారు కదా, ఆ ముగ్గుర్లో ఉండు. ఫోను తమ్ముడికిచ్చి పో.

ఏమోయ్ అల్లుడూ… టేపు గురించి అన్నది సరదాకిరా. చూస్తూ నాకు చెబుతూ ఉండు. ఎన్ని చుట్లు?… మూడు. మాస్టారూ, ఇటివ్వండి మీ చక్రం, చేతులు ఊరికే ఉంటే నాకు పిచ్చెక్కుతుంది.

విజిల్ వేశారా?… ఎక్కడుంది?… ఏడోది. పర్లేదు, పర్లేదు. వీపు ఎలా ఉంది? గూనిగానా, చదునుగానా?… చదునుగా. అబ్బ. ఒరేయ్, ఆ మాట ఇంకోసారి చెప్పు.

మలుపు తిరిగిందా. కనపడగానే చెప్పు… మాస్టారూ, ఇదిగో మేకు. మిమ్మల్ని ఈ మేకే తీసుకొచ్చింది ఇక్కడికి…

వచ్చిందా!… ఐదు. రెండో చుట్టా?… నడుం మీద చెయ్యి వేసుకుందా ఎక్కడైనా?… వేసుకోలేదా. మూడోదాంట్లో కదా దానికి నొప్పి ముదిరేది. చూడు, కళ్ళార్పకు…

ఏంటా అరుపులు? చెప్పరా!… లేచిందా… నాలుగు… మూడు… ఎంత దూరం ఉంది గీతకి?… నువ్వు అరవకు, చెప్పు!… రెండా? రెండో స్థానమా? సరిగ్గా చూశావా?…

వచ్చేసింది మాస్టారూ, జట్టులోకి వచ్చేసింది!

ఏడుస్తున్నానురా. అయితే ఏంటి? మాస్టారు కూడా ఏడుస్తున్నారు, ఆయనకి మీరెవరో కూడా తెలీదు… నిలబడగలుగుతోందా? నడుం పట్టుకోకుండానే?… నవ్వుతోందా. చాలురా, చాలు. దానికి నీళ్ళివ్వు. దాని కొలతలు రేపు తీస్తానని చెప్పు. పదకొండూ. ఈసారి దానికి దాని బండే కడతాను.

ఆ బండా?… వ్యానుకి ఆనించారా? గీతలు పడతాయి, మెత్తటి గుడ్డేదైనా మధ్యలో పెట్టు… అమ్మడమేంట్రా? ఎవరికీ అమ్మను… మరెవరు తొక్కుతారంటే ఏం చెప్పను! ఎవరి కొలతకి కట్టానో వాళ్ళే తొక్కుతారు… నవ్వు నవ్వు. యాభై మూడొస్తే కాళ్ళు పనిచెయ్యవా? ఇన్నేళ్ళు అందరికీ కట్టాను గానీ, నాకు సరిపోయిన బండి ఇంతవరకూ ఒక్కటీ ఎక్కలేదురా…

ఊఁ. సాయంత్రం దాకా ఆగకు, వెలుగుండగానే పట్టుకురా. పెట్టేస్తున్నా.